చెరువు కట్ట మీద నాగప్ప

తుమ్మలబండ చెరువులో చివరిసారి నీళ్లు నిలిచింది ఎప్పుడని అడిగితే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో సంవత్సరం చెప్పేవాళ్లు. ఎర్రన్నకు మాత్రం బాగా గుర్తు. కొడుకు కిరణ్‌కు పేరు పెట్టిన నాడు నీళ్లు కట్టను తాకి ఉన్నాయి. ఆ తర్వాత వాడు నడక నేర్చి, బడికి పోయి, మీసాలు మొలిచేదాకా పెరిగినా చెరువు మళ్లీ నిండలేదు.

1998లో ఊరి హైస్కూలుకు మల్లికార్జున అనే డ్రిల్లు అయ్యవారు వచ్చాడు. వస్తూ వస్తూ రెండు ఫుట్‌బాల్ బంతులు తెచ్చాడు. ఆడించడానికి చదునైన చోటు కోసం ఊరంతా వెతికాడు. ఉన్నదల్లా చెనిక్కాయ చేలు, బండలు. చెరువు నేల ఒక్కటే చదునుగా ఉంది గానీ దాన్నిండా సర్కారు తుమ్మ అల్లుకుపోయి ఉంది. పిల్లలను వెంటేసుకుని ఆయన ఆ ముళ్లకంప ముందు నిలబడి ఉండగా, కట్ట మీద పోతున్న నాగప్ప చూసి ఆగాడు.

"ఏమప్పా అయ్యవారూ, ఏం పోగొట్టుకుంటిరి ఆడ?"

"ఏమీ లేదన్నా. పిల్లోళ్లు ఆడేదానికి జాగా చూస్తాండా."

నాగప్ప కిందికి దిగి ఒక తుమ్మ చెట్టును పట్టుకుని ఊపి చూశాడు. తెల్లారి గొడ్డలి, గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

నాగప్ప బావులు తవ్వేవాడు. తండ్రీ తాతా కూడా అదే పని చేశారు. చుట్టుపక్కల నలభై బావుల్లో ఆయన గడ్డపార దిగింది. బోర్లు వచ్చాక కొత్త బావులు తవ్వించేవాళ్లు లేకపోయారు. ఎండిన పాత బావుల్లో రాతికి మిషనుతో రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చి, ఇంకో నాలుగడుగులు లోతు దించడమే మిగిలింది. ఆ పని లేని రోజుల్లో ఆయన చెరువులో తుమ్మ కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు, వేళ్లు కూడా తవ్వి తీశాడు. "పైన కొట్టేది పనిగాదు అయ్యవారూ. వేరు మిగిలితే పిల్లోళ్ల కాళ్లు పోతాయి" అన్నాడు. ఆ పిల్లల్లో ఆయన కొడుకంటూ ఎవరూ లేరు. ఒక్కతే కూతురు, ఆ అమ్మాయిని అప్పటికే గోరంట్ల వైపు ఇచ్చారు.

నీలగిరి కట్టెలు నాటి గోల్‌పోస్టులు చేశారు. సున్నంతో గీతలు గీశారు. కట్ట వాలు మీద జనం కూర్చోవచ్చు. అలా మొదటి ఆట కుందుర్పి పిల్లలతో జరిగింది.

ఎర్రన్న ఆ ఆటకు వచ్చింది కిరణ్ ఆడుతున్నాడని. ఆయనది పొలం పుట్రా ఉన్న రెడ్డి కుటుంబం, తాత గ్రామ మునసబు చేశాడు. ఎర్రన్న గొంతు పెంచి మాట్లాడగా ఊళ్లో ఎవరూ విన్నవాళ్లు లేరు. తువ్వాలు మడిచి వేసుకుని కట్ట మీద ఒంటరిగా కూర్చున్నాడు. నాగప్ప ఆయనకు పది బారల దూరంలో, వాలుకు కిందుగా కూర్చున్నాడు. ఊళ్లో ఇద్దరి మధ్యా ఉండే దూరం అదే.

కిరణ్ గోల్ ముందు బంతిని అడ్డుకున్నప్పుడు నాగప్ప "సబాష్ రా కిరణా! నీ యమ్మ కడుపు సల్లగుండ!" అని అరిచాడు. చెరువు అవతలి గట్టున మేస్తున్న మేకలు తలెత్తి చూశాయి. అరవై అడుగుల లోతు నుంచి పైనున్నవాళ్లకు వినపడేలా ముప్పై ఏళ్లుగా అరిచి అరిచి తయారైన గొంతు అది. ఆట ముగియబోతుండగా గొర్లుకాసే ఇంటి పిల్లవాడు ఓబులేసు గోల్ కొట్టాడు. నాగప్ప ఒక్క ఉరుకులో కట్టపైకి ఎక్కివచ్చి, ఎర్రన్న రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు.

"ఎర్రన్నా! సూస్తివా ఎర్రన్నా! గోలప్పో!"

తర్వాత తన చేతులు ఎక్కడున్నాయో ఆయనకే తెలిసివచ్చింది. గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"తప్పైపాయ సామీ. నోరు జారె."

ఎర్రన్న జారిన తువ్వాలు సర్దుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. రానందుకు కొంచెం ఆశ్చర్యపడ్డాడు కూడా.

"ఈడ్నే కూకో నాగప్పా. ఆడ ఎండ కంట్లో పడతాది" అన్నాడు.

అప్పటి నుంచి ఏడేళ్లు వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కట్ట మీద ఆయన నాగప్పకు ఎర్రన్న. ఆట ముగిసి వీధిలోకి రాగానే మళ్లీ సామీ. వీధిలో కూడా పేరు పెట్టి పిలువమని చెప్పాలని ఎర్రన్నకు చాలాసార్లు అనిపించింది. వీధి అరుగుల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉండేవాళ్లు. చెప్పలేదు.

నాగప్పకు ఆట నియమాలు పూర్తిగా ఎప్పుడూ పట్టుబడలేదు. ఆఫ్‌సైడ్ అనేది రెఫరీలు తమ ఇష్టం కొద్దీ పుట్టించిన మాయ అని గట్టిగా నమ్మేవాడు. కానీ ఏ పిల్లవాడికి మడమ నొప్పి ఉందో, ఎవడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో ఆయనకు తెలుసు. కుండలో రాగి అంబలి తెచ్చి విరామంలో అందరికీ పోసేవాడు. అవతలి జట్టు వాళ్లు ఆశగా చూస్తే వాళ్లకూ పోసేవాడు. "ఒట్టి కడుపోళ్లను గెలిస్తే అది గెలుపా?" అనేవాడు.

ఒకసారి ఉరవకొండకు ట్రాక్టరు ట్రాలీలో పోయి, ఐదు గోల్స్ తిని, ఒక్కటీ కొట్టకుండా తిరిగివస్తున్నారు. పిల్లలు తలలు వంచుకుని కూర్చున్నారు. ట్రాలీ కళ్యాణదుర్గం దాటింది.

"ఐదు తింటిమని ఏడుస్తారేమప్పా?" అన్నాడు నాగప్ప. "ఆరోది ఆపినాడు గదా మనోడు!"

ఏడుపు ముఖాలతోనే నవ్వడం మొదలుపెట్టారు. ఎర్రన్న ట్రాలీ గోడకు చేరగిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. అంతగా నవ్వి ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు.

కిరణ్ చదువు ముగించి బెంగళూరులో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరాడు. మరుసటి ఆదివారం ఎర్రన్న ఆటకు పోకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. నాగప్ప వచ్చి వాకిలి ముందు నిలబడ్డాడు.

"సామీ, ఆట మొదలైతాండాది."

"కిరణ్ లేడు గదా నాగప్పా. నాకేం పని ఆడ?"

"నాకెవురుండారని నేను పోతాండా సామీ?"

ఎర్రన్న లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

2003 వేసవిలో నాగప్పకు దగ్గు పట్టుకుంది. ఎర్రన్న ఆయన్ను అనంతపురం తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులు చెడిపోయాయని చెప్పాడు. ఇక బావిలో దిగొద్దన్నాడు, అరవొద్దన్నాడు. మొదటిదానికి నాగప్ప తల ఊపాడు. రెండోది విని ఎర్రన్న ముఖంలోకి చూశాడు.

ఆ ఆదివారం అరవడానికి లేచాడు గానీ దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆయన్ను వంచేసింది. మళ్లీ కూలబడి, ఎర్రన్న చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఓబులేసును ఎడమ పక్కకు పొమ్మను."

"ఓబులేసూ, ఎడమకు పో" అన్నాడు ఎర్రన్న.

"పసిబిడ్డను నిద్రపుచ్చినట్ల చెప్తే వానికేం వినపడతాది? గట్టిగా అరుసు ఎర్రన్నా!"

ఎర్రన్న అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఓబులేసూ! ఎడమకు పోరా!" అని అరిచాడు. కట్ట మీదున్న వాళ్లంతా వెనక్కి తిరిగారు. మల్లికార్జున అయ్యవారు నోట్లో ఈల పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. నాగప్ప పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వుకు మళ్లీ దగ్గాడు.

రెండేళ్లు అలా జరిగింది. మాట నాగప్పది, గొంతు ఎర్రన్నది. ఒకసారి నాగప్ప చెవిలో చెప్పింది విని ఎర్రన్న తల అడ్డంగా ఊపాడు.

"ఇది మాత్రం నేననను."

"అనాల్సిందే. అది ఆఫ్‌సైడ్ కాదు."

"మర్యాదగా ఉండదప్పా."

"వాడు చేసింది మర్యాదా?"

ఎర్రన్న లేచి నిలబడ్డాడు. "రెఫరీ! నీ కండ్లు సంతలో మర్సిపోయి వస్తివా?" అని అరిచి, వెంటనే కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో భార్య సుబ్బలక్ష్మమ్మ అన్నం వడ్డిస్తూ, "కొళాయి కాడ ఆడోళ్లంతా చెప్పుకుంటాండారు, రెడ్డి కేకలు నేర్చినాడంట" అంది. కోప్పడాలని మొదలుపెట్టింది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

2005లో నాగప్ప కట్ట ఎక్కలేకపోయాడు. ఎర్రన్న ఆయన్ను తన మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని, ఊరి నడివీధిగుండా తీసుకుపోయేవాడు. పడిపోకుండా నాగప్ప ఆయన నడుము పట్టుకునేవాడు. అరుగుల మీద వాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాడు ఎర్రన్న.

దసరా దాటాక వాన పట్టుకుంది. ఐదు రోజులు వదలకుండా కురిసింది. ఆరోనాడు వంక పారి చెరువులోకి నీళ్లు వచ్చాయి. ఊరంతా కట్ట మీదే ఉంది. ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చి గంగమ్మకు పూజ చేశారు. గోల్‌పోస్టులు నీళ్లలో నిలబడి ఉన్నాయి.

ఎర్రన్న నేరుగా నాగప్ప ఇంటికి పోయాడు. అన్నేళ్లలో ఆ ఇంట్లోకి అడుగుపెట్టింది అదే మొదటిసారి. నాగప్ప భార్య హనుమక్క తడబడింది. చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని వాకిట్లోనే నిలబడింది. ఎర్రన్న చేయి చాచి చెంబు తీసుకుని తాగాడు. నులకమంచం పట్టె మీద కూర్చున్నాడు.

"పోస్టులు యాడిదాకా మునిగినాయి ఎర్రన్నా?" అని అడిగాడు నాగప్ప. గొంతు గాలిలా ఉంది.

"సామీ అను" అని హనుమక్క గదమాయించింది.

"అననీయమ్మా" అన్నాడు ఎర్రన్న. "సగానికి మునిగినాయి నాగప్పా."

నాగప్ప కళ్లు మూసుకుని లెక్క కట్టుకున్నాడు. "మంచిదప్పా. ఇంగ నెల దినాలకు నా బావుల్లోకి ఊట దిగుతాది." అని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పిల్లోళ్లు యాడ ఆడతారు మరి?"

"చూస్తాంలే."

"వానొస్తే చేనుకు పండగ, రాకుంటే ఆటకు పండగ. మనకు దేవున్ని తిట్టే సందే లేకపాయె" అని నవ్వాడు.

నాలుగో రోజు పొద్దున, ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు నాగప్ప పోయాడు. హనుమక్క బంధువుల కంటే ముందు ఎర్రన్నకే కబురు పంపింది. ఓబులేసూ జట్టు పిల్లలూ గుంత తవ్వారు. పాడె ఎత్తేటప్పుడు ఎర్రన్న చెప్పులు విడిచి ముందుకు వచ్చి భుజం పెట్టాడు. ఆయన దాయాది ఒకాయన దగ్గరికి వచ్చి చిన్నగా అడిగాడు.

"నువ్వు మోయల్లనా ఎర్రన్నా? వాళ్లోళ్లు ఉండారు గదా."

"మా జట్టోడప్పా" అన్నాడు ఎర్రన్న, భుజం మార్చుకోకుండా.

చెరువుకు తూర్పున ఎర్రన్నకు రెండున్నర ఎకరాల రాళ్ల చేను ఉంది. దాన్ని ఆటకు వదిలేస్తానని చెప్పినప్పుడు సుబ్బలక్ష్మమ్మ, "వానొచ్చిన సంవత్సరమే చేను బీడు పెట్టేవోళ్లను యాడా చూళ్లేదు" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు రాళ్లు ఏరుతున్న పిల్లలకు తనే మజ్జిగ పంపింది. రాళ్లు ఏరడానికి మూడు నెలలు పట్టింది.

మాఘమాసంలో అక్కడ మొదటి ఆట జరిగింది. ఎర్రన్న చేని గట్టు మీద కూర్చున్నాడు. మనవాళ్లు వెంటవెంటనే రెండు గోల్స్ తిన్నారు. అరుద్దామని నోరు తెరిచాడు గానీ ఏమనాలో తెలియలేదు. రెండేళ్లుగా మాటలన్నీ పక్కనుంచి వచ్చేవి. చెవిలో గాలి తప్ప ఏమీ లేదు. నోరు మూసుకుని, గడ్డిపోచ తెంపుతూ కూర్చున్నాడు.

విరామం అయ్యాక హనుమక్క వచ్చింది. కూలి నుంచి అలాగే వచ్చినట్టుంది, నెత్తిన పశుగ్రాసం మోపు, చేతిలో కొడవలి. గట్టు పక్కన మోపు దించి నిలబడింది.

"సామీ, మనోళ్లు ఏ పక్క?"

"తెల్ల బనీన్లోళ్లు. నువ్వెప్పుడూ చూళ్లేదా హనుమక్కా?"

"ఆదివారమైనా కూలికి పోతుంటి గదా. యాడ చూస్తా?" ఆమె మైదానం వైపు కళ్లు చికిలించింది. "ముద్ద కూడా తినకుండా ఆయప్ప ఉరికేది దీనికేనా?"

"దీనికే" అన్నాడు ఎర్రన్న. ఎటువైపు గోల్ కొట్టాలో, బంతిని చేత్తో ఎవరు పట్టుకోవచ్చో నెమ్మదిగా చెప్పాడు. ఆమె మోపు మీద కూర్చుని వింది. ఆఫ్‌సైడ్‌ను మాత్రం నాగప్ప చివరిదాకా నమ్మలేదని చెప్పాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ ఆట వైపు తిరిగింది.

ఓబులేసు బంతితో గోల్ దగ్గరికి పోయి బోర్లా పడ్డాడు. హనుమక్క దిగ్గున లేచింది.

"కాలడ్డం పెట్టినాడు సామీ! నేను చూస్తి! అడిగేవోళ్లు లేరా ఈడ?"

ఎర్రన్న లేచాడు. "కాలడ్డం పెట్టినాడు రెఫరీ! అందరం చూస్తిమి!" అని అరిచాడు. రెఫరీ అప్పటికే ఈల ఊదుతున్నాడు. ఓబులేసే పెనాల్టీ కొట్టాడు. బంతి లోపలికి పోయింది. హనుమక్క చప్పట్లు కొట్టాలో కూడదో తెలియక చుట్టూ చూసి, తర్వాత కొట్టింది.

అయినా ఆట రెండు ఒకటితో ఓడిపోయారు. ఎర్రన్న మోపును మోపెడ్ మీద కట్టి, తోసుకుంటూ నడిచాడు. హనుమక్క కొడవలి పట్టుకుని పక్కనే నడిచింది.

"మళ్లీ ఎప్పుడు సామీ?"

"వచ్చే ఆదివారం. గోరంట్లోళ్లు వస్తారు."

"వాళ్లు గట్టోళ్లా?"

"శానా గట్టోళ్లు."

హనుమక్క కొడవలిని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"గోరంట్ల అంటే నా కూతురు వాళ్ల పక్క గదా" అంది. "రమ్మని కబురు పంపుతా. మన పక్కే కూకోవల్ల అని చెప్పి పంపుతా."