క్లిక్‌కు అందని అప్పన్న బృందం

కోవిడ్‌కు ముందు ఏడాది, నేను మలేసియాలో క్లాంగ్‌లోని ఒక స్టూడియోలో సీనియర్ రికార్డింగ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, అప్పన్న బృందం మొదటి పాట నా చేతికి వచ్చింది. అప్పన్న బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టినవాడు. బేస్ గిటారు వాయించేవాడు. మా తెలుగువాళ్లకు ఫంక్ అలవాటు చేసింది అతనే. గత నెల చనిపోయాడు.

ఫంక్ అంటే బేసూ డ్రమ్ములూ ఒకే బిగువుతో నడిచే సంగీతం. నడక మారితే అది ఫంకే కాదని నేను అనుకునేవాణ్ని, అప్పన్న కూడా అనుకునేవాడు. అంతవరకు వాళ్లు పెళ్లి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయించేవారు. ఇది సొంత పాట. ఫ్యాక్టరీ షిఫ్టుల వల్ల అందరికీ మళ్లీ ఒకేసారి సెలవు దొరకదు. ఆ రోజు పాట పూర్తి కాకపోతే బృందాన్ని ఆపేస్తామని ముందే చెప్పారు.

పద్ధతి ప్రకారం వాద్యాలను విడివిడిగా రికార్డు చేస్తాం. అవి తర్వాత కలవడానికి చెవిలో క్లిక్ పెడతాం, అంటే సమానంగా కొట్టే టిక్కు. ముందు బేసూ డ్రమ్ములూ. చివరి చరణం రాగానే రెండూ క్లిక్‌ను వదిలేసి ముందుకు వెళ్లిపోయేవి. ప్రతిసారీ అంతే.

"పరిగెడుతున్నారు అప్పన్నా."

"మేమేటి పరిగెట్టినాం బావా? నీ మిసనే నీరసపడిపోనాది. దానికి కోపి పొయ్యి లా."

"దానికి మీలా ఇంటికెళ్లే తొందర లేదు."

మరోసారి వాయిస్తుంటే, పాడే వంతు కోసం నా పక్కన కూర్చున్న అప్పన్న చెల్లెలు లచ్చిమి బల్ల కిందికి చూసి నవ్వింది.

"నీ కాలేటి బావా, అన్నకంటే ముందెళ్లిపోతంది?"

నిజమే. నా కాలు కూడా క్లిక్‌ను వదిలేసింది. మా తోటల్లో రామభజన చివర్లో తాళాలు వేగం పెంచుతాయి. మేమంతా చిన్నప్పటి నుంచి అక్కడ కూర్చున్నవాళ్లమే.

క్లిక్ ఆపేసి అందరినీ ఒకే గదిలో నిలబెట్టాను. ఒకరి మైకులో మరొకరి వాద్యం పడుతుంది కాబట్టి, ఒక్కరు తప్పినా మొదటి నుంచి వాయించాలని చెప్పాను.

"తప్పొస్తే తిట్లు గూడా కలిసే తిందాం లే" అన్నాడు అప్పన్న.

సాయంత్రానికి పాట పూర్తయింది. తెలుక్ ఇంటాన్ దాకా పెళ్లిళ్లలో మోగింది. ఇతర బృందాలూ చివర్లో వేగం పెంచడం మొదలుపెట్టాయి. జనం దానికి తోట ఫంక్ అని పేరు పెట్టారు. బంటింగ్ ఊరి కుర్రాళ్లయితే చివర్లో వేగం పెరిగేలా క్లిక్‌నే అమర్చుకుని సాధన చేస్తున్నారు. ఆ సంగతి ఆసుపత్రిలో అప్పన్నకు చెప్పాను.

"సూసినావా, మిసను ఇప్పటికి నేర్సుకుంది" అన్నాడు.

క్లిక్ పెట్టే ముందు, వాయించేవాళ్లు తాళం ఎక్కడ నేర్చుకున్నారో అడగాలి. ఆ పాట తర్వాత రిటైరయ్యే దాకా అడిగాను.