నాంచారమ్మ ఎండ రాళ్లు

కొల్లేటికోటలో మా మామ్మ నాంచారమ్మ చెయ్యి ఊరికే ఉండేది కాదు. చేపను నేలకేసి కొట్టేది, కాకిని తెడ్డుతో కొట్టేది, మమ్మల్ని చేతికందినదాంతో కొట్టేది. పుల్లలు దొరకని వేసవిలో రేకు పెట్టెలో నల్లరాళ్లు పేర్చి, పైన అద్దం మూసి, పొద్దువాలేదాకా ఎండలో కాల్చేది. ఆ రాళ్ల మధ్య ఎసరు పోసిన బియ్యం కుండను పెట్టి, ఊకబుట్టలో పూడ్చేది. పిల్లలకు రాత్రి తిండి అదొక్కటే.

"ఎండకి అన్నం ఉడుకుద్దా, ఎర్రిదానా" అంటూ ఒకనాడు ఆవిడ బావగారు ముత్యాలరావు ఆ బుట్టను తన్నబోయాడు. మామ్మ పట్టకారుతో ఒక రాయి తీసి ఆయన పిక్కకు అదిమింది. తోలు రాయికి అంటుకుని లేచొచ్చింది. ఆయన అరుస్తూ నేలమీద పొర్లాడు.

"వేడి నిలిచిందాండీ, బావగారూ?" అని మెత్తగా అడిగి, రాయి తుడిచి మళ్లీ ఊకలో పెట్టింది.

ఆ రాత్రి ఆయన కుంటుతూ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. "ఇంకాస్త వడ్డించండమ్మా" అన్నాడు.