బరువు దించే సైగ

మా క్యాంపు టీమ్ ఆ సీజన్ మొదట్లోనే వరసగా పది మ్యాచ్‌లు గెలిచిందంటే అది నా చలవే.

ఆదివారం పొద్దున్నే దుబాయ్ సోనాపూర్ కూలీల క్యాంపు ఇసుకలో టేపు చుట్టిన బంతితో ఆట. మా బౌలర్ పని, సైటులో కింద నిలబడి క్రేన్ ఆపరేటర్‌కి సైగలు చెయ్యడం. వికెట్ పడితే అరిచేవాడు కాదు. చూపుడువేలు నేలకేసి చూపి మెల్లగా తిప్పేవాడు. "బరువు దించు" అని క్రేన్‌కి చెప్పే సైగ అది. రోజూ సైటులో చూసేదే గనక అవుటైనవాడికి ఒళ్లు మండిపోయేది.

ఆ వేలు అసలు కాచుకున్నది మా ఫోర్‌మన్ కోసం. "ముసలోడివైనవ్, నీళ్లు మొయ్యి పో" అని అంతకుముందు ఏడాది మా బౌలర్‌ని తన టీమ్‌లోంచి వెళ్లగొట్టింది ఆయనే.

ఐదో మ్యాచ్ ఆ టీమ్‌తోనే. మావాడి మొదటి బంతి ఫోర్‌మన్ బ్యాటు పక్కనుంచి దూసుకెళ్లి కీపర్ చేతిలో పడింది. ఫోర్‌మన్ అవుట్! ఆ మ్యాచ్ కూడా మేమే గెలిచాం. కానీ ఆ వికెట్‌కి మావాడి వేలు తిరగలేదు.

సరే, నిజం చెబుతాను. గెలిచినవి పది కాదు, ఐదు. నేను ఆటగాణ్ణి కాదు, అంపైర్‌ని. ఆ బంతి బ్యాటుకు తగల్లేదు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఫోటో తీసి ముదీర్‌కి, అదే మేనేజర్‌కి, పంపిన మనిషి ఆ ఫోర్‌మన్. అందుకే వేలెత్తాను.

తిరిగి నడిచొస్తూ, "నీ పగ తీర్చిన గదరా, చాయ్ తాగిపియ్" అన్నాను.

వాడు ఆగలేదు. "నువ్వు తీర్చుకున్నది నీ పగ, కాకా. ఇంకో బంతిల వాని వికెట్లు నేనే లేపుతుంటి. నాది అట్లనే ఉన్నది."