వాసన తెలియని చేతి డికాక్షన్

మొన్న శుక్రవారం పొద్దున్న ఆరు కాకముందే మావయ్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ అత్త ఇక లేదమ్మా. నిద్దట్లోనే పోయింది" అన్నారు. ఆవిడ మా మేనత్త, నాన్నగారి అక్క. భీమవరంలో మాకు రెండు వీధుల అవతల ఉండేది. డెబ్బై నాలుగేళ్ళు నిండాయి. ఏడవాల్సిందంతా ఆ రోజే ఏడ్చేశాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఏడవడానికి కాదు, మా అత్త గురించి గొప్పలు చెప్పుకోవడానికి. ఆ హక్కు ఈ ఊళ్ళో అందరికన్నా నాకే ఎక్కువని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

అత్త కాఫీకి మా పేటలో పెద్ద పేరు. అరకు నుంచి పచ్చి గింజలు తెప్పించి, ఇనప మూకుట్లో తనే వేయించి, చేతి మిషన్లో పొడి చేసుకునేది. వీధిలో ఎవరింటికి చుట్టాలు దిగినా, ఓ గ్లాసు పట్టుకుని "అక్కయ్యగారండీ, కాస్త డికాక్షనుంటే ఇస్తారా" అంటూ అత్త గుమ్మం ఎక్కాల్సిందే. తీసుకెళ్ళి తమ చేతి కాఫీ అన్నట్టు చుట్టాలకి ఇచ్చుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. అత్త మాత్రం "ఇచ్చుకోనీవే, తాగేది నా కాఫీయే కదా" అని నవ్వేసేది.

అలాగని స్టీలు ఫిల్టరు ఒక్కదాన్నే పట్టుకు వేలాడే మనిషి కాదు. జ్వరం వచ్చినవాళ్ళకి, మా నాయనమ్మ చేసినట్టు, మరిగే నీళ్ళు దించి పొడి వేసి మూతపెట్టి, తడిగుడ్డలో వడకట్టి ఇచ్చేది. రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి ఓ సెలవులకి ఫ్రెంచ్ ప్రెస్సూ, కాగితం పెట్టి వడకట్టే గరాటూ పట్టుకొచ్చింది. అత్త ఆ ఆదివారం అన్ని పద్ధతుల్లోనూ కాచి, గ్లాసులు వరసగా పెట్టి కూర్చుంది. కాగితం గరాటు మీద తీర్పు వెంటనే వచ్చేసింది. "రుచి బానే ఉంది గానీ, ఇలా గుండ్రంగా తిప్పుతూ నీళ్ళు పోస్తూ కూచుంటే మీ తాతయ్యకి టిఫినెవరు పెడతారే?" ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ మాత్రం ఓ గుక్క తాగి ఆలోచించింది. "పొడి నాలిక్కి తగుల్తోంది. దీనికి బరగ్గా ఆడాలి" అంది. మర్నాడు అలాగే ఆడి కాచింది. దానికి ముతక పొడే వాడాలని ఫోన్లో చూసి నేర్చుకున్న మా పిల్ల నోరెళ్ళబెట్టింది. అత్తకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి.

ఆ తర్వాత కరోనా వచ్చింది. అత్త బతికి బయటపడింది గానీ, పోయిన వాసన తిరిగి రాలేదు. రుచీ అంతంతమాత్రమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గింజలు వేగాయో లేదో వాసనని బట్టి దించే మనిషి, ఇప్పుడు అలవాటుకొద్దీ దించుతోంది. గింజలు మాడిపోతున్నాయి. ఆ మాడు డికాక్షనే వీధంతా పట్టుకెళ్తోంది. మావాళ్ళ మర్యాద మీకు తెలుసు కదా. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. "అమృతమండీ అక్కయ్యగారూ" అని చెప్పి, ఇంటికెళ్ళి సింకులో పారబోసేవారు!

నెల రోజులు ఊళ్ళో లేని నేను, వచ్చిన రోజే అత్త దగ్గరికి వెళ్ళాను. నా నోటికి బ్రేకుల్లేవని మా ఇంట్లో అందరూ అంటారు. గుక్క పడగానే "ఇదేంటత్తా, బొగ్గు కషాయంలా ఉంది!" అనేశాను.

అత్త మొహం పాలిపోయింది. పేపరు చదువుతున్న మావయ్య వైపు తిరిగింది. "ఏవండీ, నిజమేనా?"

మావయ్య పేపరు దించలేదు. "నేను మందార మొక్క మొదట్లో పోస్తున్నానే" అన్నారు మెల్లగా.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల్లాళ్ళు. చెబితే ఇంక పొయ్యి దగ్గరకే వెళ్ళవేమోనని..."

ఆయన భయపడ్డట్టే అయింది. మూడు రోజులు అత్త కాఫీ కాయలేదు. మావయ్య సందు చివర హోటల్ నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్నారు. డికాక్షన్ కోసం వచ్చినవాళ్ళని అత్త గుమ్మంలోంచే తిప్పి పంపేసింది. నా నోటిదూల ఆవిడ కాఫీని చంపేసిందని నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు తనే ఫోన్ చేసింది.

"రేపట్నుంచి పొద్దున్నే ఆరింటికి రా. బావుందనడానికి ఊరంతా ఉంది. ఎలా ఉందో చెప్పడానికి నువ్వు రా."

వెళ్ళాను. "ముక్కు పోతే పోయిందే, చెవులూ కళ్ళూ ఉన్నాయి కదా" అంటూ మూకుడు దగ్గరికి చెవి పెట్టి, గింజల చిటపట ఎప్పుడు మొదలై ఎప్పుడు సద్దుమణుగుతోందో వినేది. రంగు పోల్చుకోవడానికి పొయ్యి గట్టు మీద ఓ చింతపిక్క పెట్టుకుంది. ఫిల్టరులోంచి చుక్కలు ఎంత వేగంగా పడుతున్నాయో విని, పొడి తను గట్టిగా అదిమిందో వదులుగా అదిమిందో చెప్పేసేది. నేను రోజూ తాగి తిట్టడమే. మాడు. పలచన. ఇవాళ పులుపు. ఒక్కోరోజు ఆ మొహం చూసి "బావుంది" అనేద్దామా అనిపించేది. అంటే అత్త జన్మలో క్షమించదు.

దాదాపు రెండు నెలలకి ఓ పొద్దున్న తాగి, ఏమీ అనలేకపోయాను.

"ఏంటే, నోరు పడిపోయిందా?"

"అత్తా, ఇది నీ కాఫీ."

"ఒట్టు?"

"ఒట్టే."

అత్త నా గ్లాసు లాక్కుని ఓ గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. "నాకు వేడి ఒక్కటే తెలుస్తోందే. అయినా బావుంది" అంది. నా మొదటి జీతం నాడు కూడా నాకంత గర్వం కలగలేదు.

ఆ రోజునుంచి అత్త ఓ కొత్త పద్ధతి పెట్టింది. డికాక్షన్ పట్టుకెళ్ళినవాళ్ళు మర్నాడు వచ్చి ఎలా ఉందో చెప్పాలి. ఊరికే "బావుందండి" అన్నవాళ్ళకి రెండోసారి లేదు. పాపం, మావాళ్ళకి ప్రాణసంకటమైపోయింది. అత్త ఎదురింటావిడ వారం రోజులు నీళ్ళు నమిలి, చివరికి "ఏమీ అనుకోకండి అక్కయ్యగారూ, కూసింత చేదెక్కిందండి" అంది. అత్త ఆవిడ్ని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మూకుడూ చింతపిక్కా చూపించి అన్నీ నేర్పింది. ఆపైన నాలుగేళ్ళు, వాసన తెలియని ఆ చేతి డికాక్షన్‌కి ఒక్కరూ వంక పెట్టలేకపోయారు. పెట్టడానికి నేను రోజూ ప్రయత్నించాను కాబట్టి నాకు తెలుసు.

శనివారం పొద్దున్న, చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు గనక, ఎదురింటావిడ ఫ్లాస్కుతో కాఫీ తెచ్చింది. మావయ్య ముందురోజునుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. బతిమాలి గ్లాసు చేతికిచ్చాను. ఒక గుక్క తాగి ఆగారు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, "ఎలా ఉందండీ అన్నయ్యగారూ?" అని అడిగింది.

యాభై ఏళ్ళ కాపరంలో కాఫీ బావులేదని భార్యకి చెప్పలేకపోయిన మనిషి, తలెత్తి ఆవిడ మొహంలోకి చూశారు.

"పలచనైందమ్మా" అన్నారు.

"అయ్యో, ఉండండి" అని ఆవిడ గ్లాసు అందుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వెళ్ళింది. పావుగంట దాటింది. మావయ్య కుర్చీలోంచి లేవలేదు, గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ చీర చెంగుతో పట్టుకుని పొగలు కక్కే కాఫీ గిన్నె తెచ్చి గ్లాసు నింపింది. ఆయన ఆగకుండా చివరిదాకా తాగి, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే ఖాళీ గ్లాసు ఆవిడ ముందుకి చాపారు.

"ఇంకొంచెం పొయ్యమ్మా."