దారం కత్తిరించినందుకు కాదు

తుడియలూరులో పంపు మోటార్లు బాగుచేసేవాళ్ళలో నోరు పెద్దది నాదే. రైతు పంపు తెచ్చి, "నీళ్ళు బాగానే పడతా ఉండాయి, ఆపి మళ్ళా వేస్తేనే ఎక్కడం లేదు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైన పడే నీళ్ళు చూసి కింద అంతా బాగుందనుకుంటే ఎట్లా అని తిడతాను. పైపు అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది. నీళ్ళను పైకి పోనిచ్చి, మళ్ళీ కిందికి దిగకుండా ఆపే మూత అది. అది పాడైతే మోటారు ఆపగానే ఎక్కిన నీళ్ళన్నీ బావిలోకే పోతాయి. మోటారు నడిచినంతసేపూ చూసేవాడికి ఏమీ తెలియదు. ఈ ముక్క ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా కూతురి విషయంలో మాత్రం నేను కూడా పైన పడే నీళ్ళే చూశాను.

మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదివాం. ఈ తెలుగు అక్షరాలు నేను నలభై దగ్గర పడ్డాక పంతం పట్టి నేర్చుకున్నవి. మా ఇంట్లో ఇంకెవరికీ రావు. పక్కన కూర్చున్నా ఎవరూ చదవలేని చోట తప్పు ఒప్పుకుంటున్నాను, అదీ నా ధైర్యం.

నేను చేసుకున్నది మా అక్క కూతురిని. మాలో అది వింత కాదు. కానీ మా బావ, అంటే అక్క మొగుడు, పోదనూరులో రైల్వే ఉద్యోగం చేసి నాలుగు ఊళ్ళు చూసినవాడు, ఈ పెళ్ళి వద్దన్నాడు. సొంతంలో చేసుకుంటే పిల్లలకు ఏదో ఒక కొరత వస్తుందని చదివానన్నాడు. నాకు రోషం వచ్చింది. పుట్టే బిడ్డ రాయిలాగా ఉంటుంది, నువ్వే చూస్తావు బావా అని పదిమంది ముందు అన్నాను. పెళ్ళి అయింది. ఆ మాట మాత్రం మెడకు చుట్టుకుంది.

ఐదో నెలలో స్కాన్‌కు మా దగ్గరి ఆస్పత్రికి తీసుకుపోయాను. స్కాన్ కోసమని నా భార్య చేత చెంబుల కొద్దీ నీళ్ళు తాగించారు. అయిపోగానే ఆమె బాత్రూంకు పరుగెత్తింది. ఆ ఐదు నిమిషాల్లో డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. బిడ్డ ఎడమ కిడ్నీలో మూత్రం కొంచెం నిలిచి, ఉబ్బినట్టు కనిపిస్తోందని చెప్పింది. భయపడొద్దు, చాలామంది పిల్లలకు ఇది దానంతట అదే సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు, ఎవరికన్నది ఇప్పుడే చెప్పలేం అంది. అందుకని పుట్టిన వారానికి ఒక స్కాన్, నెల దాటాక ఇంకొకటి తప్పకుండా తీయించాలంది. పుట్టాక ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు మూత్రం పరీక్ష చేయించాలంది. అంతా తమిళంలో, నిదానంగా, స్కాన్ రిపోర్టు కాగితం వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది. నాకు అర్థం కాలేదని సాకు చెప్పే వీలు కూడా లేదు. రెండు పైపులు, ఒక తొట్టి, వెనక్కి తన్నే నీళ్ళు. నాకు కాక ఇంకెవరికి అర్థమవుతుంది?

ఇది సొంతంలో చేసుకున్నందుకా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అవునంటే ఏం చేయాలో తెలియక అడగలేదు.

నా భార్య ముఖం తుడుచుకుంటూ వచ్చి, ఏమన్నారు మామా అంది. బిడ్డ బాగుంది అన్నారు అని చెప్పాను. అబద్ధం ఎంత సులభంగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా ఆచారం. ఏడో నెలలో గాజులు తొడిగి పోదనూరు పంపించాం. కాన్పు అక్కడి చిన్న ఆస్పత్రిలో. ఫైలు కూడా వెంట పోవాలి, ఫైలు పోతే బావ చదువుతాడు. ముందురోజు ఆ ఒక్క కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి, వర్క్‌షాపులో రాగితీగ ఉండలు పెట్టుకునే డబ్బా అడుగున పెట్టాను. తీసినది ఒక కాగితమే కదా అనుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, గట్టిగా ఏడుస్తూ పుట్టింది. నేను బావ ముఖం వైపు చూసి నవ్వాను కూడా.

వారానికి స్కాన్ అన్న మాట నేను మరిచిపోలేదు. బాలింత గడప దాటకూడదు, తీట్టు, అదే పురిటి మైల, తీరేదాకా బిడ్డను బయట తిప్పకూడదు అని మా అమ్మా అక్కా అంటుంటే ఆ మాటల చాటున దాక్కున్నాను. అమ్మలూ అక్కలూ అంత మూర్ఖులు కారు. నేను నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్ళే బిడ్డను ఎత్తుకుని ముందు నడిచేవాళ్ళు. ఆదివారాలు పోదనూరు పోయేవాణ్ణి. పెరట్లో తీగ మీద పాప తడిపిన గుడ్డలు ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుతుండేవి. ఇన్ని గుడ్డలు తడిపే బిడ్డకు లోపల అడ్డం ఏముంటుంది అనుకున్నాను. ఒకసారి నా పంచె మీద కూడా పోసింది. మా అక్క నవ్వి, మంచిదిరా, కలిసొస్తుంది అంది. నేను కూడా నవ్వాను. ధార బాగానే ఉంది అనుకున్నాను. పంపుల వాణ్ణి, నేను అనుకున్న మాట అది.

పాపకు ఏడో నెలలో, మా ఇంట్లో ఉండగా, జ్వరం వచ్చింది. డాక్టరు దగ్గరికి పోదాం మామా అని నా భార్య మొదటి రోజే అంది. పళ్ళు వస్తున్నాయి, అంతే అన్నాను. మందుల షాపులో జ్వరం మందు తెచ్చి పోశాను. పోస్తే తగ్గేది, మళ్ళీ ఎక్కేది. అదే రోజు మూత్రం పరీక్ష అన్న డాక్టరమ్మ మాట చెవిలో మోగుతూనే ఉంది. పరీక్ష చేయిస్తే ఎందుకని ఇంట్లో అడుగుతారు, అడిగితే కాగితం సంగతి బయటికి వస్తుంది. మూడు రోజులు అట్లా గడిపాను. నాలుగో రోజు పొద్దున పాప వణికిపోతూ పాలు తాగలేదు. అప్పుడు పెద్దాస్పత్రికి పరుగెత్తాం.

మూత్రంలో చీము. అది ఎడమ కిడ్నీ దాకా పాకిందన్నారు. తొట్టిలోకి, అంటే మూత్రాశయంలోకి, దిగిన మూత్రం పైపులో వెనక్కి ఎక్కుతోందని తరువాత తేలింది. అంటే ఫుట్ వాల్వే. పిల్లల కిడ్నీ డాక్టరు అందరి ముందు అడిగాడు, గర్భంలో ఉండగా స్కాన్‌లో ఏమైనా చెప్పారా అని. నా భార్య లేదంది. మా బావ కూడా అక్కడే ఉన్నాడు. డాక్టరు నావైపు చూశాడు. నేను కూడా లేదన్నాను.

పాప బతికింది. ఎడమ కిడ్నీకి మచ్చ పడింది, అది ఎదగలేదు. కుడిది బాగా పనిచేస్తోంది. ఎదిగేకొద్దీ కొందరిలో వాల్వు సర్దుకున్నట్టే మా పాపకూ సర్దుకుంది, కానీ మచ్చ పోదు. ఏటేటా స్కాన్, బీపీ, మూత్రం పరీక్ష ఉంటాయి. మొదటి రోజే వచ్చి ఉంటే మచ్చ పడేది కాదా అని ఒకసారి డాక్టరును ఒంటరిగా అడిగాను. తప్పకుండా అని చెప్పలేం, పడకపోయే అవకాశం ఎక్కువ అన్నాడు. ఆ చెప్పలేం అన్న మాట పట్టుకుని ఎన్నో రోజులు నిద్రపోయాను. సొంతంలో చేసుకున్నందుకా అని కూడా అప్పుడే అడిగాను. బయట సంబంధాలు చేసుకున్నవాళ్ళకూ ఇట్లాంటి పిల్లలు పుడతారు, మీ పాపకు అందువల్లే అని అనలేం అన్నాడు. నేను కాగితం దాచింది దేనికోసమో ఆలోచిస్తే నవ్వు కూడా రాలేదు.

ఇంట్లో మాత్రం కారణం దొరికింది. కడుపుతో ఉండగా గ్రహణం రోజున నా భార్య రవిక కుట్టుకుంటూ కత్తెరతో దారం కత్తిరించిందట. మా అమ్మ చూసిందట. గ్రహణంలో కత్తెర పట్టిన చెయ్యి అది, ఇంకేం కావాలి అంది మా అమ్మ. తిట్టినట్టు కూడా అనలేదు. సొంత మనవరాలు కదా, జాలిగా అంది. జాలిగా అన్నందుకు మరీ లోతుగా దిగింది. నా భార్య నమ్మింది. ప్రతి శనివారం కారమడై పోయి రంగనాథస్వామి గుడి చుట్టూ ఉత్తకాళ్ళతో నూట ఎనిమిది చుట్లు తిరుగుతానని మొక్కుకుంది. పాపకు పదేళ్ళు నిండేదాకా.

తీసుకుపోయేది నేనే. శనివారం పొద్దున వర్క్‌షాపు తెరవకుండా ఆమెను బండి వెనక కూర్చోబెట్టుకుని మేట్టుపాళయం రోడ్డు మీద పోయేవాణ్ణి. ఆమె లోపల తిరుగుతుంటే నేను బయట టీ తాగేవాణ్ణి. ఎండాకాలంలో రాళ్ళు కాలి అరికాళ్ళు పొక్కులెక్కేవి. ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసేవాణ్ణి. మంచి మొగుడని మా వీధిలో నాకు పేరు. ఆరేళ్ళు ఇది జరిగింది.

మొన్న ఏటా చేసే పరీక్షకు ముగ్గురం పోయాం. పాప ఒకటో తరగతి. చెయ్యికి బీపీ పట్టీ చుడుతూ నర్సు ఊరికే మాట కలిపింది, నీకు ఒక కిడ్నీ చిన్నదట కదా బంగారం, ఎందుకట అని. పాప పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది, "మా అమ్మ గ్రహణంలో దారం కత్తిరించింది, అందుకే."

నర్సు నవ్వింది. నా భార్య తల వంచుకుని పాప జడ సర్దింది. నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పాపకు అది ఎవరూ నేర్పలేదు, గాలిలో ఉన్నది పట్టుకుంది. ఇక పాప జీవితాంతం అమ్మను చూసినప్పుడల్లా కత్తెరే గుర్తు పెట్టుకుంటుంది. కిడ్నీని నేను ఎట్లాగూ తిరిగి ఇవ్వలేను.

పాప నర్సుతో లోపల స్కాన్‌లో ఉండగా, బండ్లు నిలిపే చోటికి నా భార్యను పిలిచి చెప్పాను. కాగితం జేబులోనే ఉంది. పొద్దున డబ్బా అడుగు నుంచి ఎందుకు తీసి పెట్టుకున్నానో నాకే తెలియదు. మడతలు విప్పి ఆమె చేతికి ఇచ్చాను. డాక్టరమ్మ చెప్పినవి, నేను దాచినవి, మూడు రోజుల జ్వరం, అన్నీ చెప్పాను. ఆమెకు అందులోని ఇంగ్లీషు రాదు. వెనక గీసిన బొమ్మను చాలాసేపు చూసింది.

అరుస్తుందనుకున్నాను.

"వారం వారం నన్ను బండి మీద కూర్చోపెట్టుకోని కారమడై తీసుకోని పోయింది నువ్వే గదా మామా," అంది. కాగితం మళ్ళీ మడుస్తూ, "కాళ్ళకు నూనె కూడా పూసినావే," అంది.

ఆ కాగితం ఆమె తిరిగి ఇవ్వలేదు. పాపను ఎత్తుకుని బండి వెనక ఎక్కింది. దారంతా ఆమె చెయ్యి నా భుజం మీద పడలేదు.

శనివారం వచ్చింది. నేను అలవాటుగా తాళం చెవి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఆమె తలకు పోసుకోలేదు. పాపకు దోసె వేసి పెడుతోంది. మా అమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి, ఏమ్మా, గుడికి పోలేదా, మొక్కు తప్పితే ఎట్లా అంది.

నా భార్య పెనం మీద నుంచి చూపు తిప్పలేదు. "నేను చేసిన తప్పు ఏమీ లేదంట అవ్వా. ఎవురు చేసినారో నీ కొడుకును అడుగు," అంది.

మా అమ్మ నావైపు తిరిగింది. దోసె తుంచుతున్న పాప కూడా తలెత్తి చూసింది. నేను చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పాప ఎదురుగా కూర్చుని, మొదట దానికే చెప్పాను. అమ్మ దారం కత్తిరించినందుకు కాదు, నేను ఒక కాగితం దాచిపెట్టినందుకు అని చెప్పాను.

పాప అంతా విని, చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేసి, వాళ్ళమ్మ దగ్గరికి పోయి కొంగు పట్టుకుని నిలబడింది. "అయితే అమ్మ గుడి చుట్టూ ఎందుకప్పా నడిచింది?" అని నన్ను అడిగింది.