మలాకా దాకా తోలిన గుర్రాలు

నా మొదటి కాన్పుకు పురుడు పోసింది ఒక మలాయి ముసలామె. మలాయి దేశంలో సుంగై సుమున్ అనే ఊరి కొబ్బరి తోటలో మా ఆయన బడిపంతులు. తోటకు డాక్టరు రావాలంటే రోజు పట్టేది. ఆమె మాత్రం కాలవ దాటి అరగంటలో వచ్చేది. ఆమెను నేను మక్ అనేదాన్ని, వాళ్ల భాషలో అమ్మ అని. పురుడయ్యాక కూడా నా నడుముకు నూనె రాయడానికి నలభై రోజులు వచ్చింది. రాస్తూ కబుర్లు చెప్పేది.

ఆమె తండ్రి పడవల మీద వ్యాపారం చేసి, మక్కా వెళ్లి, అక్కడ కొన్నేళ్లు చదువుకుని వచ్చినవాడు. కొడుకులు లేరు కాబట్టి తనకు తెలిసిందంతా కూతురికే చెప్పాడు. ప్రవక్త పోయాక అరబ్బు సేనలు ఎడారి దాటి సిరియా, ఈజిప్టు, పారశీక దేశాలను గెలిచాయనీ, ఓడినవాళ్లలో చాలామంది పన్ను కట్టి తమ దేవుణ్ణే కొలుచుకున్నారనీ, మతం మారడానికి తరాలు పట్టిందనీ చెప్పేది. ఈ తీరానికి మాత్రం ఆ సేనలేవీ రాలేదట. గుజరాతీలు, అరబ్బులు, తమిళ ముస్లిములు ఓడల్లో బట్టలు తెచ్చి, తిరుగు గాలి కోసం రేవుల్లో నెలల తరబడి ఆగేవారట. ఆగినచోటే పెళ్లిళ్లు చేసుకున్నారు, మసీదులు కట్టుకున్నారు. ఓడలన్నీ తన రేవుకే రావాలని కోరుకున్న మలాకా రాజు కూడా చివరికి వాళ్ల మతం తీసుకున్నాడు.

అదంతా నేను తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎందుకు రాస్తున్నావని అడిగితే, నా కూతురికి చదివి వినిపించడానికన్నాను.

"అయితే రెండూ రాయి. కత్తి సంగతీ రాయి, బేరం సంగతీ రాయి. ఒకటి వదిలేస్తే మా నాన్న అబద్ధం చెప్పినట్టవుతుంది," అంది.

మా ఆయన ఆ పుస్తకం చదివి మెచ్చుకున్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సంతోషంలో, ఓ వారం తన దగ్గర ఉంచుకుంటానంటే ఇచ్చేశాను.

మరుసటి నెల పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో మన తెలుగువాళ్ల సభ. ఆయన మాట్లాడతారంటే బిడ్డనెత్తుకుని నేనూ రైలెక్కాను. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. ఆయన నోరు తెరిచిన కాసేపటికే, "ఎడారి గుర్రాలకు నీళ్లు దొరికినచోటల్లా వాళ్ల రాజ్యమే అయింది," అన్నారు. అది నా వాక్యం. బిడ్డకు పాలిస్తూ రాసుకున్నది. నా పేరు చెప్తారేమోనని ఎదురుచూశాను. చెప్పలేదు. పన్ను సంగతి వదిలేశారు. గాలి కోసం ఆగిన వర్తకుల్ని వదిలేశారు. ఆ గుర్రాలనే సముద్రం మీదుగా మలాకా దాకా తోలుకొచ్చి, ఈ దేశమంతా కత్తికి భయపడి మతం మారిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మీ ఆయనకెంత చదువమ్మా అంది నా పక్కనున్నామె. నేను తలూపాను.

తిరుగు రైల్లో అడిగాను.

"రెండో సగం ఏటి సేసినారు?"

"బేరాల కత సెప్తే ఎవులింతారు? కత్తంటే లేచి కూకుంతారు," అన్నారు.

"అది ఆ ముసలమ్మ సెప్పిన కత. రాసింది నాను."

"ఇంట్లో రాసుకున్నదానికి పేరేటి? నీదీ నాదీ వేరా?" అని ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

ఇంకెవరైనా చెప్పకముందే నేనే వెళ్లి మక్‌కు చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని చాప అల్లుతోంది. అంతా విన్నాక మా ఆయన్ను ఒక్క మాట అనలేదు.

"అతనికి నేను చెప్పలేదు. నీకు చెప్పాను," అంది. "ఆ సభలో నువ్వున్నావా?"

ఉన్నానన్నాను.

"ఏమన్నావు?"

తలూపానని చెప్పలేకపోయాను.

ఆ తర్వాత కూడా మా ఇళ్ల వరసలో ఎవరికి నొప్పులొచ్చినా ఆమె వచ్చేది. నన్ను చూస్తే బిడ్డ బాగుందా అని అడిగేది. అంతే. తండ్రి చెప్పినవాటిలో నాకు చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. ఆమె పోయేదాకా ఇంకో కథ అడిగే ధైర్యం రాలేదు. మా ఆయన అదే ప్రసంగం మరో నాలుగు ఊళ్లలో చేశారు. నోటుపుస్తకం తిరిగివ్వలేదు. నేను ఆయనకు అన్నం వండిపెట్టాను, బట్టలుతికాను, ఇంకో ఇద్దరు పిల్లల్ని కన్నాను. రాసిన కాగితం మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆయన కంట పడనివ్వలేదు.