నింపిన కండెన్సర్‌కు బొట్టు

పెట్టెలో దోషం ఉందని చెప్పి నన్ను కర్నూలులో ఒక ఫోటో స్టూడియో నుంచి పంపించేశారు. దోషం పెట్టెలో లేదు. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.

ఆ రోజుల్లో మా వైపు రేడియో బాగుచేసేవాడంటే సగం వైద్యుడు, సగం మంత్రగాడు. నేను డోన్‌లో పాత రేడియోలు విప్పి నేర్చుకున్నవాణ్ణి, కాలేజీ గడప తొక్కలేదు (ఎదుటివాళ్లు అది గుర్తుచేయని రోజు లేదు). స్టూడియో షావుకారుకు పెళ్లి గుంపులను ఒక్క మెరుపుతో పట్టే దీపం కావలసి వచ్చింది. దానికి కరెంటు పెట్టె నేను కట్టాను. గోడ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, వాల్వుతో ఒకే దిక్కుకు తిప్పి, కండెన్సర్లలో మెల్లగా నింపి, మీట నొక్కగానే రెప్పపాటులో మొత్తం దీపంలోకి వదలడం. (ఈనాటి లేజర్లకూ ఇలాంటి పెట్టెలే కడతారని పత్రికలో చదివి, ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను.) ఆపాక మిగిలిన కరెంటు దానంతట అదే దిగిపోవడానికి కండెన్సర్లకు అడ్డంగా ఒక రెసిస్టెన్స్ కూడా పెట్టాను. అది షావుకారు కంట పడింది.

"ఇదేం చేస్తాదప్పా?"

"మిగిలిన కరెంటు కారిపోయేట్టు చేస్తాది షావుకారూ."

"నీళ్లకే గతిలేని సీమలో పుట్టి, నింపుకున్న తొట్టికి బెజ్జం పెడతావా? తీసెయ్."

తీసేశాను. నా తప్పు అదొక్కటే. ఆపాక కూడా ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాను. "ప్లగ్గు పీకినాక కరెంటు యాడుంటాదప్పా?" అని నవ్వాడు.

ఆయుధపూజ నాడు ఫోటో దిగడానికి వచ్చినవాళ్ల బిడ్డ ఏడ్చిందని మీట నొక్కకుండానే ఆపేశారు. నింపిన కరెంటు నింపినట్టే ఉంది. షావుకారు కెమెరాకు, స్టాండుకు, చివరికి కత్తెరకు కూడా బొట్లు పెట్టి, ప్లగ్గు పీకించి మరీ, తడి కుంకుమ వేళ్లు రెండూ నా పెట్టె రాగి కొసలకు ఒకేసారి ఆనించాడు. టప్పుమంది. వెనక ఉన్న కోట బొమ్మ పరదా చినిగి, బురుజులోంచి ఆయన తల అవతలికి వెళ్లింది. ప్రాణానికేం కాలేదు. లేచి మొదట అడిగిన మాట, "హారతి ఆరిపాయనా?" షావుకారమ్మ మాత్రం నన్ను నిలబెట్టి, "పూజ చేసే చేతిని కొట్టే యంత్రం యాడన్నా ఉంటాదా నాయనా?" అంది. జవాబు నా దగ్గర ఉంది, వినేవాళ్లు లేరు.

ఆ సాయంత్రమే నా సంచి నా చేతికిచ్చారు. కడపలో ఒక రేడియో అంగడాయన పని ఇస్తానన్నాడు గానీ, ఈ కథ అక్కడికీ చేరేసరికి వెనక్కి తగ్గాడు. "పెట్టెలో తప్పు లేదని షావుకారుతో రాయించుకోని రాప్పా, ఆ పొద్దే చేరు" అన్నాడు. షావుకారుకు ఏడు ఉత్తరాలు రాశాను, ప్రతిదానికీ సర్క్యూటు బొమ్మ గీసి జతచేశాను. ఏడోదానికి జవాబు వచ్చింది. దాన్ని కడపకు తీసుకుపోలేదు. ఆ పని ఇంకొకడికి పోయింది. కరెంటు సంగతి తప్ప మరేమీ తెలియని ఆనాటి కుర్రవాణ్ణి, అంటే నన్నే, తలచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. షావుకారు పోయి చాలా ఏళ్లయింది గనుక ఆ జవాబు మీకు చెబుతున్నాను:

"పెట్టె శానా బాగుండాది. తప్పు నాదేనప్పా. ఈ కాగితం మాత్రం ఎవురికీ చూపియ్యాకు."